నాయన చెప్పిన పది

మార్కాపురం

ప్రేమగల వాసవక్కకు,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. పక్షవాతం వచ్చాక నాయనకు కుడిచేతి పిడికిలి బిగియడం లేదు. నీ మరదలు తినిపించబోతే తల తిప్పుకుంటాడు. చెంచాకు లావుపాటి పిడి గీసి త్రీడీ ప్రింటు చేయిద్దామని కంప్యూటర్లో డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. పేరున్న సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి కట్టాల్సింది వింటేనే కళ్ళు తిరిగాయి. సరదాకి గీసుకునేవాళ్ళకు ఉచితంగా ఇచ్చేది ఇంకొకటుంది గానీ, నెట్ లేకపోతే కదలదు, మన దుకాణంలోని పాత కంప్యూటర్ దాన్ని మోయలేదు. చివరికి పూర్తిగా ఉచితంగా దొరికేదాన్ని పట్టుకున్నాను. నెల రోజులు కుస్తీ పడితే చేతికొచ్చింది.

పిడి ఎంత లావుండాలని నాయననే అడిగాను. "పది పెట్టు" అన్నాడు. పదే పెట్టాను. ఒంగోలులో ప్రింటు చేయించి తెస్తే బలపమంత ఉంది! నలభై ఏళ్ళు పలకలకు చట్రాలు కోసిన మనిషికి కొలతే మతి తప్పిందంటే ఇంకేం మిగిలిందక్కా? ఏడుపొచ్చింది. అందుకే చట్రాల మిషన్ అమ్మేస్తున్నాను. సోమవారం గిద్దలూరు నుంచి మనిషి వస్తాడు. నాయనకు చెప్పలేదు. చెప్పినా తెలియదు కదా.

నీ తమ్ముడు
ఉదయ్ కిరణ్

దర్శి

చిరంజీవి ఉదయ్‌కు,

నీ ఉత్తరం చదివి ముందు కోపం, తర్వాత నవ్వు వచ్చాయి. నాయన నోట మిల్లీమీటరు అన్న మాట ఎప్పుడైనా విన్నావా? చట్రాల పనిలో అంగుళానికి ఎనిమిది నూళ్ళు. పది అంటే పది నూళ్ళు, అంగుళంపావు. నీ కంప్యూటర్ లెక్కలో ముప్పై రెండు. చిన్నప్పుడు మిషన్ దగ్గర చెక్కలు అందించింది నేను, నువ్వు అటు తొంగి చూస్తే కదా. మతి తప్పింది నాయనకు కాదు తమ్ముడూ. ముందు ఆ మనిషిని రావద్దని చెప్పు.

ఆశీస్సులతో
మీ అక్క వాసవి

మార్కాపురం

అక్కా,

ఆ మనిషిని రావద్దన్నాను. ముప్పై రెండు పెట్టి చేయించిన పిడి నిన్న వచ్చింది. నాయన ఉప్మా తనంతట తానే తిన్నాడు. సగం చొక్కా మీద పడింది, ఎవరినీ తుడవనివ్వలేదు. అప్పుడు మిషన్ బేరం సంగతి ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ప్లేటు ఖాళీ అయ్యాక మెల్లగా అన్నాడు.

"కొలత తేడా వస్తే కూలోణ్ణయినా మళ్ళా ఒకతూరి అడుగుతాం. నన్ను అడగకపోతివి గదరా."



ఉదయ్