కుక్కర్ రబ్బరు షేకులు

ఏప్రిల్ 9

పరకాల నుంచి ఫోన్. పెళ్లికొడుకు మేనమామ.

"మీరు అరబ్బీ మర్ఫా, డీజే కలిపి కొడుతరటగద. అసలు అరబ్బోళ్లేనా?"

నా నోరు ఊరుకుంటుందా. "దుబాయ్ సరుకన్నా, ఇంక కవరు గూడ ఇప్పలే" అన్నాను. నమ్మేశాడు.

"అట్లైతే తెల్ల గౌన్లు, నెత్తిన నల్ల రింగులు, అన్నీ ఉండాలె. వీడియో తీపిస్తున్నం."

సరే అన్నాను. ఫోన్ పెట్టాక లెక్క చూసుకున్నాను. ప్యాడ్ కొట్టే నేను మగ్గాల ఇంటివాణ్ని. ల్యాప్‌టాప్ నడిపే జోసెఫ్ కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పుట్టినవాడు. అరబ్బు రక్తం ఉన్నది ఒక్క అవద్ భాయ్‌కే. ఆయన తాత నిజాం ఫౌజులో కొలువుకని సముద్రం దాటి వచ్చాడు. అవద్ భాయ్ మర్ఫా డోలు మెడలో వేసుకుని పుల్ల ఆడిస్తేనే మా డీజేకు ప్రాణం. ఆయన లేకపోతే పిండిగిర్ని చప్పుడే.

ఏప్రిల్ 10

సుబేదారి. ఆఫీసుల ఎదురుగా అవద్ భాయ్ తాళాల డబ్బా. గౌన్ల సంగతి చెప్పాను. తలెత్తలేదు... ఆకురాయితో తాళంచెవి రాస్తూనే ఉన్నాడు.

"నేనెయ్య సాంబన్నా. మా తాత ఎన్నడు గౌను తొడగలే. గళ్ల లుంగీనే. మీ నాయిన నేసేటోడు చూడు, అసుంటిది."

"జర ఒక్క దినమే భాయ్."

"నువ్వేస్కో. నీకు మంచిగుంటది."

ఏప్రిల్ 14

బెడ్‌షీట్లతో రెండు గౌన్లు కుట్టించాను. నెత్తికి తువ్వాళ్లు. నల్ల రింగులు మాత్రం బజారంతా తిరిగినా దొరకలేదు. ఇంటికొచ్చి వంటింట్లో చూస్తే — కుక్కర్ రబ్బరు! నా తల కొలిచి చేసినట్టు సరిపోయింది. జోసెఫ్ కూడా వాళ్లింట్లోది పట్టుకొస్తానన్నాడు.

ఏప్రిల్ 15

మా ఇంటిది లలిత కుక్కర్లో పప్పు పెట్టింది. విజిల్ రాలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఏప్రిల్ 19

పరకాల బరాత్ అయింది. నా పనీ అయింది.

దిగీ దిగగానే మాతో ఫోటోలు. నేను రెండు చేతులూ ఎత్తి దీవిస్తున్నాను, పెళ్లికొడుకు తమ్ముడు కాళ్లు మొక్కబోయాడు కూడా. అవద్ భాయ్ పచ్చ గళ్ల లుంగీలో, మెడలో మర్ఫాతో వచ్చి నిలబడ్డాడు. మేనమామ ఉరికొచ్చాడు.

"ఏయ్ లుంగీ తాతా, పక్కకు జరుగు. వీడియోల వడుతున్నవ్. ఆ డోలు షేకుకియ్యి."

షేకంటే నేను. అవద్ భాయ్ నా వైపు చూశాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆయన మర్ఫా తీసి నా మెడలో వేసి, జనరేటర్ బండి వెనక్కు వెళ్లిపోయాడు.

నేను కొట్టాను. పిండిగిర్ని. ఎగిరేవాళ్లు ఒక్కొక్కరే ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు... అంతలో బండి వెనక నుంచి దెబ్బ మొదలైంది. ఖాళీ డీజిల్ డబ్బా మీద. ఆగిపోయిన కాళ్లను చూసి ఊరుకోలేడు ఆ మనిషి. జోసెఫ్ మైకు లాక్కెళ్లి ఆయన ముందు పెట్టాడు. ఇక ఊరేగింపంతా లేచింది. నేను పుల్ల గాల్లో ఆడించాను. కెమెరా మాత్రం నా చేతుల మీదే.

భోజనాల దగ్గర అవద్ భాయ్ అన్నది ఒక్కటే. "మంచిగ కొట్టినవ్ సాంబన్నా." మర్ఫా ఇవ్వబోతే — "షేకు తాన్నే ఉండనియ్."

మాతో రాలేదు. వేరే ఆటో ఎక్కాడు.

ఏప్రిల్ 21

అవద్ భాయ్ ఫోన్ ఎత్తడం లేదు. మే రెండున వర్ధన్నపేట బరాత్ ఒప్పుకుని ఉన్నాము. "ఆయన లేకుంటే బ్యాండే లేదన్నా" అంటాడు జోసెఫ్. నాకు తెలియనట్టు.

లలిత వీడియో చూసింది. నా ముఖం చూడలేదు, నెత్తి చూసింది. "ఓ అయ్యా... గది మన కుక్కర్ రబ్బరు గాదా?"

ఏప్రిల్ 23

బీరువా తాళంచెవి పట్టుకుని సుబేదారి వెళ్లాను. డూప్లికేటు కావాలన్నాను. చేశాడు.

"భాయ్, వర్ధన్నపేట..."

"తాళం సంగతి చెప్పు."

ఏప్రిల్ 24

ట్రంకుపెట్టె చెవి. చేశాడు. పైసలు లెక్కపెట్టి డబ్బాలో వేశాడు.

ఏప్రిల్ 27

బండి చెవి, పక్కింటివాళ్ల గేటు చెవి, నాయిన మగ్గం గది చెవి. ఇంట్లో తాళాల కంటే చెవులు ఎక్కువైనాయి.

ఈ రోజు మాట్లాడాడు. తల దించుకునే.

"ఆ మేనమామ అన్నందుకు కాదు. ఆయనకు నేనెవరో తెల్వది. నీకెర్కేగద. నువ్వు జిందగీల ఒక్కపారి నోరు మూసుకున్నవ్... గది గప్పుడే గావాల్నా?"

డబ్బా ముందు అట్లాగే నిలబడ్డాను. వెనక ఉన్నాయన "జర జరుగన్నా" అన్నాడు. జరిగాను.

ఏప్రిల్ 29

వర్ధన్నపేటవాళ్లు వీడియో చూశారట. గౌన్లు కావాలట. "గౌన్లుండవ్. మా అసలు అరబ్బు లుంగీ కడతడు. ముందర నిలవడేది ఆయనే, మేం ఎనక. ఇష్టమైతెనే చెప్పుండ్రి" అన్నాను. అవతల గొణుక్కున్నారు. "సరే తియ్, ఎగిరేటట్టుండాలె" అన్నారు చివరికి.

జోసెఫ్‌కు లుంగీ కట్టడం నేర్పాను. పైన బెల్టు పెట్టుకున్నాడు.

మే 1

మిగిలింది ఇంటి తాళంచెవి ఒక్కటే. లుంగీ కట్టుకుని అదే పట్టుకుని వెళ్లాను. వర్ధన్నపేటవాళ్లతో అన్నదంతా చెప్పాను. అవద్ భాయ్ లుంగీ చూశాడు.

"ముడి నిలవదు నీది."

కొత్త చెవీ పాత చెవీ అని రెండు నా చెవి దారానికే కట్టి ఇచ్చాడు. వస్తాననలేదు. రాననలేదు.

మే 2

ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లలితకు దొరకొద్దని ఈ డైరీ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉంటుంది. నయమైంది.

కొత్త కుక్కర్ రబ్బరు కొనడానికి ఇద్దరమూ బజారుకు పోయాము. తాళం నొక్కితే పడిపోయే రకం. తిరిగొచ్చి చూస్తే తెరుచుకోదు. దారం నాదే. చెవులు రెండూ నావి కావు. ప్యాడ్, స్పీకర్లు, మర్ఫా... అన్నీ లోపలే. వాకిట్లో ట్రాలీ ఆటో. అందులో బెల్టు పెట్టిన లుంగీతో జోసెఫ్.

"ఊరందరిని ఆడిస్తివి. ఇగ ఆడు" అంటోంది లలిత, రబ్బరు వేలికి తిప్పుకుంటూ.

ఫోన్ చేశాను. ఇన్నాళ్లకు ఎత్తాడు.

"తాళాల డబ్బా. చెప్పుండ్రి."

"భాయ్, నేను."

"ఎవరు? షేకా?"

"నా చెవి నీ తానుంది."

"ఉంటది."

"బరాత్ టైమైతాంది భాయ్."

అవతల ఆకురాయి గీకుడు. తరువాత — "ముడి నిలవడ్డదా?" ఫోన్ పెట్టేశాడు. పెట్టేముందు ఒక చప్పుడు... నవ్వా, దగ్గా?

ఇది మజాకా, శిక్షా? ఇన్నేళ్లు నేను మజాకులతో ఆడించినవాళ్లంతా ఇట్లాగే కూర్చుని ఉంటారు, తెలియక.

"వస్తాండా?" లలిత.

గల్లీ మలుపులో స్కూటర్ చప్పుడు. ఆయనదో, పాలాయనదో. లేచి నిలబడ్డాను.

లుంగీ ముడి ఊడింది.