మామ్మ అరగదీసిన రాణి

కలకత్తా,
మంగళవారం

ముద్దుల మామ్మకు,

నీ ఏంజీ బాగానే ఉంది, వేళకు తింటోంది. ఫోనులో సగం మాటలు రైలు ఎత్తుకుపోతోందంటావు కాబట్టి ఈ కబురు కాగితం మీద పెడుతున్నాను. కళ్లజోడు పెట్టుకుని చదువు. స్వర్ణకుమారి ఆంటీ పక్కన లేనప్పుడు చదువు.

మా ఆఫీసులో అంకె వేయించమని నువ్వు పంపిన పాత రాణి బొమ్మ రూపాయి ఫలితం వచ్చింది. వచ్చి వారం దాటింది కూడా. చెప్పే ధైర్యం చాలక "ఇంకా రాలేదు మామ్మా" అంటూ గడిపాను.

మా ఆఫీసుకి పాత నాణేలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. వాటిని దీపం కింద అటూ ఇటూ వంచి చూస్తాం. ఎంత అరిగింది, గీతలు పడ్డాయా, ఆ మెరుపు టంకశాలదా లేక ఎవరైనా చింతపండు పెట్టి తోమారా అని చూసి, ఒకటి నుంచి డెబ్బై దాకా ఒక అంకె వేస్తాం. టంకశాల నుంచి ఇప్పుడే వచ్చినట్టున్నదానికి డెబ్బై. తర్వాత ఆ అంకెతో సహా ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తాం. ఇక ఎవరూ దాన్ని ముట్టుకోలేరు. ఆంటీ వాళ్లాయన విల్‌ఫ్రెడ్ అంకుల్ దగ్గరున్న రాజు బొమ్మ రూపాయికి అలాగే అరవై రెండు వచ్చింది. మన ఊళ్లో ఝపటాపూర్ పేటలో ఆయన దాన్ని చూపించని ఇల్లు లేదు. నువ్వేమో ఊరుకోలేక, "చర్చి పండగనాడు పాత వస్తువులు పెట్టే బల్ల మీద నా రాణి మీ రాజు పక్కనే కూసుంటాది, సూడు" అని ఆంటీతో అనేశావు.

మామ్మా, నీ రూపాయికి ఒకటి వచ్చింది. అంతకన్నా కింద అంకె లేదు.

మన ఇంటివాళ్ల నాణేన్ని నేను చూడకూడదు, అది ఆఫీసు నియమం. అందుకని ప్రద్యుమ్న దాదా చూశాడు. మన ఊళ్లోనే, తాల్‌బగీచాలో ఉండే తెలుగు మాస్టారి అబ్బాయే. అది ఎవరిదో అతనికి తెలియదు. అంచులు పట్టుకుని వంచి, "జేబులో అరిగితే రెండు వైపులా సమానంగా అరుగుతుంది. ఇక్కడ రాణి మొహం ఒక్కటే పోయింది. ఎవరో పనిగట్టుకుని కూచుని రుద్దినారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పాస్టరు గారి ప్రసంగంలో నిద్ర రాకుండా మీ అత్తగారు రుద్దుకున్న రూపాయి, ఆవిడ తర్వాత నీ బొటనవేలి కిందకి వచ్చిన రూపాయి అని అక్కడ ఎలా చెప్పను? "కాస్త పెంచి వెయ్యి దాదా" అన్న మాట నోటి దాకా వచ్చింది. అడగలేదు. అడిగి ఉంటే రేపటి నుంచి నేను వేసే అంకెను నేనే నమ్మేదాన్ని కాదు. కానీ మన ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని రోజుల్లో నన్ను పంపించమని అందరితో పోట్లాడినదానివి నువ్వు. ఆ చదువుతో వచ్చిన ఉద్యోగమే స్వర్ణకుమారి ఆంటీ ముందు నీ తల దించేలా చేసింది.

ఒక దారి ఉంది. బాగా అరిగిపోయిన నాణేలనే వెతికి దాచుకునేవాళ్లు కొందరున్నారు. ఒకటి అంకెది దొరకడం కూడా కష్టమేనట. ఇంకాస్త అరిగితే అది ఏ నాణెమో తెలియక అసలు అంకే వెయ్యరు మరి. అలాంటి పెద్దమనిషి ఒకాయన నీ రూపాయి మీద మనసు పడ్డాడు. బదులుగా అదే సంవత్సరం రాణీ రూపాయి, అరవై మూడు వచ్చినది ఇస్తానంటున్నాడు. నేను చూశాను, తళతళలాడిపోతోంది. నువ్వు ఊ అంటే మార్చేస్తాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ మాట కోసం గోళ్లు కొరుక్కుంటూ,
ఏంజలిన్


ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్
ఆదివారం, చర్చి నుంచి వచ్చినాక

ఒలే ఏంజీ,

ప్రభువు నిన్ను సల్లగా సూడాల. నీ ఉత్తరం సదివినాను. స్వర్ణకుమారి పక్కన లేనప్పుడు సదవమన్నావు గానీ, అది నా పక్కన లేందెప్పుడే? పైకే సదివి దానికీ వినిపించినాను.

మార్సకు. ఆ తళతళలాడేదాన్ని నేనేటి సేసుకుంటాను? రూపాయి నీ కాడికి పంపినాక ప్రతి ఆదివారం నిద్దరోతన్నాను. గురక కూడా పెట్టినానంట. పాస్టరు గారు మైకులోనే "సూసన్నమ్మా, అది ఆమేన్ అన్నట్టేనా?" అని అడిగినారు. నాకు పెట్టీ వద్దు, బల్లా వద్దు. ఆ పెట్టెలోంచి తీసి బేగి పంపీ.

తల దించడమేటే? అంకె పెంచమని అడిగుంటే అప్పుడు దించుదును, నీ సెవి మెలిపెట్టడానికి.

ఇంక స్వర్ణకుమారి సంగతి. అరిగినదాని కోసం కలకత్తాలో మనిషి ఎతుకుతున్నాడని వినగానే దాని మొగం మాడిపోనాది. "మీ అరవై రెండు కోసం ఎవులైనా వచ్చినారేటే?" అని అడిగినాను. ఇయ్యాల చర్చిలో నా పక్కన కూసుని, కొంగు సాటున ఏదో ఒకటే రుద్దుడు. సూద్దును కదా, విల్‌ఫ్రెడ్ దాసుకున్న రాజు బొమ్మ రూపాయి. పెట్టెని పచ్చడి బండతో పగలగొట్టేసినాదంట.

"ఏటే ఇది, పిచ్చిదానా?"

"మీదానికి ఒకటి వచ్చినాది కదా పిన్నీ. మాదానికీ తెప్పిస్తాను."

విల్‌ఫ్రెడ్ నిన్నటి నుంచి దాంతో మాటాడ్డం లేదు. నేను రూపాయి సేతిలోకి తీసుకుని సూసినాను. రాజు గెడ్డంలో ఒక్క ఎంటుక కదల్నేదు. "నిదానంగా రుద్దుకోవే, తొందరేటి? మా అత్త మొదలెడితే నా మనవరాలు బియ్యే పాసయ్యేదాకా పట్టినాది" అని సెప్పి ఒచ్చినాను.

నిద్దర మొగం మామ్మ,
సూసన్న