కారు కంటికి పెట్టిన బొట్టు

రాయగడ,
శ్రావణ మాసం, ఆదివారం

మా అప్పకు, నీ తమ్ముడు సింహాచలం ఇక్కడి నుంచే నీ కాళ్ళకు దండం పెట్టి రాసేది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? ఊళ్ళో ఊడ్పులు అయిపోయాయా? ఇక్కడ నేను, గౌరి, అల్లుడు అందరం బాగున్నాం. మళ్ళీ చెబుతున్నా, అందరం బాగున్నాం. ఉత్తరం మధ్యలో నీకు గుండె దడ పుడితే ఈ మాట ఇంకోసారి చదువుకో.

కూతురి దగ్గరికి వచ్చి ఆరు నెలలైంది కదా, అయినా ఇంకా కొత్తగానే ఉంది. అల్లుడు తెరుబలి ఫ్యాక్టరీకి షిఫ్టుకు పోతాడు, గౌరి టాక్సీ నడుపుతూ కిరాయిలకు పోతుంది, పగలంతా నేనూ గోడలూ. వాన మొదలైతే మూడు రోజులు వదలదు. బజార్లో ఒడియాలో ఏదైనా అడిగితే నాకు సగమే అర్థమవుతుంది, మిగతా సగానికి తల ఊపి వచ్చేస్తాను. తిండికి లోటు లేదు. చోడి అంబలి ఇక్కడా ఉంది. తాటి తాండ్ర మాత్రం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పంపు.

ఇక అసలు సంగతి. మన గౌరి పెద్ద కారు కొంది అప్పా! విశాఖలో ఎవరో షావుకారు వాడి అమ్మేసినది. పాతది అంటే ఎవరూ నమ్మరు, నల్లగా నిగనిగలాడుతూ పెళ్ళికొడుకులా ఉంటుంది. తాళం తిప్పే పని లేదు, మీట నొక్కితే ఇంజను లేస్తుంది. లేచిందో లేదో చెవి పెట్టినా తెలియదు. సీటులోంచి చల్లగాలి వస్తుంది, నడుముకు మర్దనా కూడా అదే చేస్తుంది. హ్యాండ్ బ్రేకుకు కర్ర లేదు, చిటికెన వేలంత మీట. ముందు పలకంత తెర, అందులో కారు చుట్టుపక్కల అంతా కనిపిస్తుంది. బంపరులో రూపాయి బిళ్ళంత గుండ్రాలు ఆరు, కంపెనీ గుర్తు కింద గాజు కన్ను ఒకటి ఉన్నాయి. అడ్డం ఏదైనా వస్తే అవే కనిపెట్టి కారును ఆపేస్తాయట. ఇది నాకు తరవాత తెలిసింది. ముందే తెలిసుంటే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

మొదటి పెద్ద కిరాయి పెళ్ళిది. మా వీధిలో సుజాత అనే పిల్లను కొరాపుట్ కళ్యాణ మండపానికి చేర్చాలి. ముహూర్తం పదకొండు గంటలకు. "ఆడపిల్ల నడిపే బండేటి, ఘాటీలో మనల్ని తోసేత్తాది" అని పెళ్ళికూతురి మామ్మ పేచీ పెట్టింది. "నాను గౌరక్క బండిలోనే ఎల్తాను" అని సుజాత పట్టుబట్టింది. చివరికి మామ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది, బండిలో మగతోడు ఉండాలి. ఆ మగతోడు నేనే. ఈ ఒక్క పెళ్ళి సజావుగా జరిగితే మండపం వాళ్ళు ప్రతి పెళ్ళికీ గౌరినే పిలుస్తారు. ముహూర్తం తప్పితే ఈ ఊళ్ళో ఆమె బండి ఇంకెవరూ ఎక్కరు.

ఆ ఉదయం గౌరి బండికి పూలు కట్టేవాడితో "ముందు బంపరు జోలికి ఎల్లకు" అని గట్టిగా చెప్పి స్నానానికి వెళ్ళింది. నాకు వినపడలేదు అప్పా, పసుపు నూరుతున్నాను. "కొత్త బండికి బొట్టు మరవకురా" అని నువ్వు ఫోన్లో చెప్పిన మాటే నా చెవిలో ఉంది. ఆ ఆరు గుండ్రాలూ బొట్టు పెట్టమన్నట్టే ఉన్నాయి. వానకు కరగకుండా పసుపు, కుంకుమ ఆముదంలో కలిపి దళసరిగా పెట్టాను. గాజు కంటికి దిష్టి తగలకూడదని దానికీ పట్టించాను. ఎంత సంబరపడ్డానో!

బస్సులో చుట్టాలందరూ ముందే వెళ్ళిపోయారు. మేం నలుగురం లక్ష్మీపురం ఘాటీ కొండదారి ఎక్కేసరికి సన్నటి వాన, మంచు కమ్మేశాయి. ముందు లారీలు నత్తల్లా పోతున్నాయి. అప్పుడు మొదలైంది, కీ కీ కీ అని మోత. బండి నెమ్మదిగా పోతేనే ఆ గుండ్రాలు పని మొదలెడతాయట. అడ్డం ఏమీ లేదు, కారు తనంతట తానే దబ్బున ఆగింది. నా బెల్టు రొమ్ముకు బిగుసుకుంది. గౌరి కదిపింది, పది బారలు పోయి మళ్ళీ ఆగింది. వెనక లారీ హారను, పక్కన లోయ. నా చేయి హ్యాండ్ బ్రేకు కర్ర కోసం వెతికింది, దొరికితే కదా!

"ఏటమ్మీ ఇది, రాచగుర్రమన్నావు, మొండి గాడిద నాగుంది?" అంది మామ్మ.

గౌరి ఆ గాజు కంటి కెమెరాను తెరలో పెట్టింది. తెర నిండా పసుపు, మధ్యలో ఎర్రటి మచ్చ.

"ఓలమ్మో! అమ్మోరు! అమ్మోరు అడ్డంగా నిలబడింది! బండి తిప్పీమీ!" అని మామ్మ రెండు చేతులూ ఎత్తింది. సుజాత ఏడుపు మొహం పెట్టింది. తొమ్మిదిన్నర దాటింది, సగం దారి మిగిలే ఉంది.

అది నా బొట్టేనని నాకు అప్పుడు తెలిసింది. నోరు మూసుకుంటే తప్పు అమ్మోరి మీదకు పోతుంది. కానీ బండి చెడిందనుకుని గౌరి మీట మీద మీట నొక్కుతోంది.

"అమ్మోరు కాదమ్మా, నాను. ఆముదంలో కలిపి నానే ఎట్టేను" అన్నాను.

గౌరి నన్ను చూసింది. తిట్టలేదు. "నాన్నా, దిగి తుడిసీ" అంది.

తువ్వాలు పట్టుకుని దిగాను. మామ్మ నాకంటే ముందే దిగి బంపరుకు అడ్డంగా నిలబడింది. "పెళ్ళికూతురున్న బండికి బొట్టు సెరుపుతావా? నాను సచ్చినా తుడవనివ్వను!"

ఆమె అన్నదీ నిజమే కదా అప్పా. నేనైనా ఆ మాటే అనేవాణ్ణి. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. వాన మా ఇద్దరి నెత్తి మీదా పడుతోంది.

అప్పుడు సుజాత చీర ఎత్తిపట్టుకుని దిగింది. ఒక గుండ్రం మీది కుంకుమ వేలితో తీసి బానెట్టు మీద పెట్టింది. "సెరపడం నేదు మామ్మా, బొట్టుని మంచి సోటుకి ఎక్కిత్తన్నాం."

మామ్మ బానెట్టు మీది బొట్టును వంగి చూసింది. "అలగైతే పెద్దదాన్ని నానుండగా నువ్వేటే?" అని మనవరాలిని పక్కకు నెట్టి, తానే ఒక్కొక్క బొట్టూ పైకి ఎక్కించింది. నేను వెనకాలే జిడ్డు తుడుచుకుంటూ వచ్చాను. గాజు కన్ను తుడిచాక తెరలో దారి తేటగా కనిపించింది, కీ కీ మోత ఆగిపోయింది.

ఆ తరవాత చూడాలి అప్పా! ఘాటీ దాటగానే మంచు విడిపోయింది. గౌరి ఏదో మీట నొక్కింది, అంతవరకు మూగగా ఉన్న ఇంజను పులిలా గుర్రుమంది. తిన్నటి రోడ్డు మీద లారీలను దాటుతుంటే నా వీపు సీటుకు అతుక్కుపోయింది. మలుపుల్లో మామ్మ ఒళ్ళోని నీళ్ళ చెంబు తొణకలేదు. అయినా నేను తెరలోని గడియారం మీంచి కళ్ళు తీయలేదు. మండపం ముందు ఆగేసరికి పదకొండుకు పది నిమిషాలు తక్కువ. ముహూర్తం తప్పలేదు! నా కూతురి మాట తప్పలేదు! నేను అక్కడే ఏడ్చేశాను, సిగ్గుపడలేదు.

మామ్మ దిగి గౌరి దగ్గరికి వచ్చింది. వేలికి మిగిలిన కుంకుమ గౌరి నుదుట పెట్టింది. "రెండో మనవరాలి పెళ్ళికీ నీ బండే అమ్మీ. మీ నాన్నని మాత్రం ఇంటికాడ దిగబెట్టీసి రా" అంది.

బావకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. గౌరిని మనసారా దీవించు. దాని బండిని కూడా దీవించు, కానీ ఉత్తరంలోనే దీవించు. వచ్చినప్పుడు బొట్టు పెడదువుగాని, ఎక్కడ పెట్టాలో ముందు గౌరినే అడుగుదాం.

నీ పాదాల దగ్గర ఎప్పటికీ చిన్నవాడైన
తమ్ముడు సింహాచలం