నోంగ్ ఫాయ్ మైకులో సల్ఫా ప్రకటన

అయ్యా,

జిల్లా ప్రజారోగ్యాధికారి వారికి, నోంగ్ ఫాయ్ గ్రామంలో ఒంటరిగా నివసించు విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని లమ్‌దువాన్ విన్నవించుకొనునది.

విషయం: నా ఒంటికి సల్ఫా పడదన్న సంగతిని మైకులో తప్పుగా చాటినందున, సరిచేయించుట గురించి.

1. మొన్నటి వానల్లో నాకు జలుబు చేసింది. పొరుగింటి బువాలై, తనకు మూత్రంలో మంటకని ఆసుపత్రివారిచ్చిన సల్ఫా మాత్రలను, మంట తగ్గగానే మానేసి దాచుకున్నవాటిని, నాకు తెచ్చిపెట్టింది. జబ్బుమనిషిని చూడడానికి మాత్రల్లేకుండా పోవడం మా ఊళ్లో మర్యాద కాదని తమకు తెలిసినదే. జలుబుకు ఆ మందు పనిచేయదని పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. అయినా ఆమె నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నందున, అవి అయిపోయేదాకా మింగాను.

2. పాఠం తమకు అనవసరమే, కానీ వినేవారు దొరికి చాలాకాలమైంది. సూక్ష్మక్రిమి తనకు కావలసిన ఒక పోషకాన్ని తానే వండుకుంటుంది. సల్ఫా అచ్చం వంట దినుసులా కనబడి ఆ కుండలో చేరుతుంది. వంట సాగదు, క్రిమి పెరగదు. మనం అదే పోషకాన్ని ఆకుకూరల్లో తింటాం కనుక మనకా చిక్కు లేదు. జలుబు తెచ్చే వైరస్‌కు అసలు వంటిల్లే లేదు. అయితే కొందరి ఒళ్లు మందునే శత్రువనుకుని తిరగబడుతుంది. నాకు నోరు పొక్కింది, కళ్లు మూసుకుపోయాయి, వీపు మీది చర్మం పొరలుగా ఊడింది. ఆసుపత్రివారు బతికించి, సల్ఫా పడదని కార్డు రాసిచ్చారు.

3. ఫిర్యాదు ఇక్కడ మొదలగుచున్నది. తమ ఆరోగ్య కార్యకర్త పొద్దున్నే ఊరి మైకులో, "పంతులమ్మకు ఎవరూ ఏమీ ఇవ్వకండి, ప్రాణం మీదికొస్తుంది" అని చాటాడు. ఏనాడూ నా మాట వినని ఊరు ఆయన మాట అక్షరాలా పాటించింది. కూరగిన్నెలు రావడం ఆగింది. ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి నేను వెళ్లే పనీ ఆగింది.

4. బువాలై కంచె దాకా వస్తుంది.

"లోపలికి రావేమే?"

"వద్దులే పంతులమ్మక్కా. నా చెయ్యి మంచిది కాదు."

"మైకులో చెప్పింది మాత్రల సంగతి."

"పులుసైనా నోట్లోకే పోతుందిగా."

ఇంత తర్కం బడిలో చూపించి ఉంటే దానికి మొదటి బహుమతి ఇచ్చేదాన్ని.

5. ప్రస్తుతం నేనూ సూక్ష్మక్రిమివలె నా వంట నేనే వండుకుంటున్నాను. జిగురన్నం వండే వెదురుబుట్ట ఒక మనిషికి మరీ పెద్దది.

కావున, దాచిన మాత్రలు పంచుకోరాదనీ, మందు మింగేముందు ఏది పడదో అడగాలనీ, వైద్యుడు చెప్పకుండా మధ్యలో మానరాదనీ మైకులో ఎంత గట్టిగానైనా చాటించండి. దానితోపాటు, నాకు పడనిది సల్ఫాయే తప్ప పులుసూ మనుషులూ కాదని కూడా చాటించవలసిందిగా ఈ ముసలిదాని మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లమ్‌దువాన్

తా.క. ప్రకటన పాఠం నేనే రాసిస్తున్నాను. కార్యకర్త సొంతంగా ఒక్క ముక్క కలపరాదు: "బువాలై, నీ చెయ్యి బాగానే ఉంది. పచ్చడికి పచ్చిబొప్పాయి దంచే నా రోకలి నీ దగ్గరే ఉండిపోయింది, పట్టుకుని రా. మాత్రలు తేకు. నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చో, ఉత్త నీళ్లే తాగుతాను."