రేడియో గదిని మూయించమన్న నా ఆరు అర్జీలపై ఏడో అర్జీ

కళాశాల ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,
తమ గదికి సరిగ్గా కింది అంతస్తులో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న గ్రంథపాలకుడు వినయంగా రాసుకున్న విన్నపం.

అయ్యా,

విషయం: విద్యార్థుల రేడియో గదిని మూయించవలసిందిగా గత మూడేళ్లలో నేను సమర్పించిన ఆరు అర్జీలను, అవి ఫలించిన కారణంగా, రద్దు చేయమని కోరడం గురించి.

సూచిక: సోమవారం నాడు తమరు జారీ చేసిన మూసివేత ఉత్తర్వు.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా:

1. గ్రంథాలయానికీ రేడియో గదికీ నడుమ ఉన్నది ఒక్క గోడ. ఆ గదిని విద్యార్థులకు ఇచ్చిన నాటి నుంచి, ఉదయం హాస్టళ్లను నిద్రలేపే కార్యక్రమం మొదలు సాయంత్రం మూడు బ్యాండ్ల సాధన వరకు అంతా నా చెవుల మీదుగానే ప్రసారమైంది. మొదటి బ్యాండుకు వేణువు ఉంది, ఊదేవాడు లేడు. రెండో బ్యాండుకు ఇద్దరు గాయకులు. ఒకరు పాడతారు, రెండోవారు అలుగుతారు. మూడో బ్యాండుకు డ్రమ్ములు లేనందున, మేము తీసివేసిన పాత నిఘంటువుల అట్టల మీద వాయించేవారు. 'శ' నుంచి 'హ' వరకు ఉన్న సంపుటమే మంచి నాదం ఇస్తుందని వారు తేల్చుకోవడం నేను స్వయంగా విన్నాను.

2. కావున అర్జీలు రాశాను. ఒకదానిలో "ఈ గదిని తక్షణం మూయనిచో నేను మూగబోవుదును" అని కూడా రాశాను. అప్పట్లో ఆవేశంలో ఉన్నాను. తమ కార్యాలయం నుంచి ఒక్కదానికీ జవాబు రాలేదు. రాకపోవడమే ఎంత మేలో అప్పుడు తెలియలేదు.

3. ఈ విద్యా సంవత్సరం మొదట్లో మూడో బ్యాండు ఒక పాట కట్టడం మొదలుపెట్టింది. "వాన వెలిసిందిలే, నువ్వు వెళ్లొచ్చులే" అనేది పల్లవి. తర్వాతి చరణంలో వారికి ఒక మాట దొరకలేదు. దొరకని చోట "లాల లాల" అని, "ఇంకా ఆగలేదులే" అని ముగించేవారు. నాలుగు రోజులు ఆ లాల లాలే విన్నాను. పుస్తకాల మీద సంఖ్యలు వేస్తుంటే లాల, అన్నం తింటుంటే లాల. ఐదో రోజు నిగ్రహం కోల్పోయి వెళ్లి వారి తలుపు కొట్టాను.

తలుపు తీసింది ఉదయం కార్యక్రమం నడిపే అమ్మాయి. హాస్టళ్లన్నీ ఆమెను అలారం అంటాయి. లోపల నిఘంటువుల ముందు దరువు అని పిలవబడే కుర్రవాడు కూర్చుని ఉన్నాడు.

"సారీ సార్, సౌండ్ తగ్గిస్తాం" అంది అలారం, నేను నోరు తెరవకముందే.

తిట్టడానికే వెళ్లాను. నా నోట్లోంచి మాత్రం "చూరునీళ్లు" అని వచ్చింది.

"ఏంటి సార్?"

"లాల లాల కాదమ్మా. చూరునీళ్లు ఇంకా ఆగలేదులే."

గదిలో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దరువు మెల్లగా చెయ్యెత్తాడు. "సార్, చూరంటే ఏంటి?"

"చూరంటే తెలీనోళ్లకి వాన మీద పాట ఎందుకయ్యా!" అని కసురుకుని, కూర్చుని అరగంట చెప్పాను. వాన ఆగినా ఇంటి కప్పు అంచు నుంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతుంటాయనీ, ఆ చప్పుడు అడ్డుపెట్టుకుని వెళ్లాల్సినవాళ్లు కూడా కాసేపు ఆగుతారనీ చెప్పాను. అలారం ఆ మాట పెట్టి పాడింది. అయ్యా, నేను కవిని కాను. అయినా ఆ సాయంత్రం మెట్లు దిగుతూ నాలో నేనే నవ్వుకున్నానని ఒప్పుకుంటున్నాను.

4. తదాది వారంలో రెండు మధ్యాహ్నాలు నాకు పావుగంట ఇచ్చారు. పుస్తకాలు తీసుకుని తిరిగి ఇవ్వనివారి పేర్లు చదివేవాడిని, దరువు వెనక సన్నగా తాళం వేసేవాడు. ఒక్క నెలలో నలభై ఒక్క పుస్తకాలు వెనక్కి వచ్చాయి. వాటిలో రెండు మన గ్రంథాలయానివి కానే కావు. జాబితాలో ఒక్క పేరు మాత్రం చదవలేదు. ఆ పుస్తకం తమ బల్లమీద కాలింగ్ బెల్లు కింద ఉన్నదని విన్నాను. దాని మీద నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.

వెనక క్వార్టర్స్‌లో మా ఆవిడ ఈ కార్యక్రమం విని, "ఇంట్లో పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడే మనిషి అక్కడ పావుగంట గుక్క తిప్పుకోకుండా మాట్లాడారే! ఇంతకాలం ఎక్కడ దాచారు?" అని అడిగింది. ఆ ప్రశ్నను పరిశీలనలో ఉంచాను.

5. మరి ఇంత జరిగాక ఆరో అర్జీ ఎందుకు రాశావని తమరు అడగవచ్చు. అలవాటు కొద్దీ రాశాను. ఏటా వేసవి, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి పనిదినం నాడు చేసే పనుల జాబితాలో అది నాలుగోది: గడియారానికి కీ ఇవ్వడం, సిరా మార్చడం, చెదమందు, అర్జీ. ఎలాగూ ఎవరూ చదవరనే ధీమా కూడా ఉంది.

సోమవారం ఉత్తర్వు చూసి తమ కార్యాలయ సూపరింటెండెంటు గారి దగ్గరికి పరుగెత్తాను.

"మూడేళ్లు కదలని ఫైలు ఇప్పుడెలా కదిలిందండీ?"

"మా బల్ల ఒక కాలు పొట్టి సార్. ఇన్నాళ్లూ మీ ఫైలే దానికి ఆసరా. పోయిన వారం కొత్త ఫర్నిచర్ వచ్చింది, బల్ల తీస్తే ఫైలు బయటపడింది. పాత కుర్చీలు పెట్టడానికి గది కావాలి. మీరేమో ఆరుసార్లు మూయమన్నారు. రెండూ కలిసొచ్చాయి" అన్నారాయన, నాకేదో ఉపకారం చేసినట్టు.

6. మంగళవారం ఉదయం అలారం, దరువు ఒక కాగితం పట్టుకుని గ్రంథాలయానికి వచ్చారు. రేడియో మూయించిన ఆ అజ్ఞాత దుర్మార్గుడెవరో బయటపెట్టాలని విద్యార్థుల డిమాండు. మొదటి సంతకం నాదే కావాలట.

"మాకు పెద్ద దిక్కు మీరే కదా సార్" అంది ఆ అమ్మాయి.

అయ్యా, సంతకం పెట్టాను. నా మీద నేనే చర్య కోరుతూ, తేదీతో సహా, పొడి అక్షరాలు కాక పూర్తి సంతకం పెట్టాను.

7. గదికి తాళం ఆ సాయంత్రం వేస్తారనగా, మధ్యాహ్నం నా పావుగంటలో పేర్లు చదవడానికి కూర్చున్నాను. మొదటి పేరుకు బదులు "ఆ దుర్మార్గుణ్ని నేనే" అని మైకులో చెప్పేశాను. ఆరు అర్జీల సంగతీ తేదీలతో సహా చెప్పాను. దరువు చేతులు నిఘంటువు మీద అలాగే ఆగిపోయాయి. అలారం మైకు మీట నొక్కి ఆపి, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఇంటికెళ్తే మా ఆవిడ, "చెప్పడం బాగానే చెప్పారు. చెప్పినంత మాత్రాన తీరిపోతుందా?" అంది.

బుధవారం నాడు విద్యార్థులు గ్రంథాలయానికి వచ్చారు. మూడు బ్యాండ్లవాళ్లూ, వారి వెనక హాస్టళ్లూ. కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నారు. తలా ఒక పుస్తకం తీసుకుని సాయంత్రం దాకా ఒక్కరు కూడా పెదవి కదపలేదు. కాగితం తిప్పిన చప్పుడు లేదు, దగ్గు లేదు. గురువారమూ అంతే. గోడ అవతల గదికి తాళం, గోడ ఇవతల రెండు వందల మంది మౌనం. ఏ నిశ్శబ్దం కోసం ఆరుసార్లు కాళ్లావేళ్లా పడ్డానో, అది సంపూర్ణంగా నా చేతికి వచ్చింది. అయ్యా, భరించలేకపోయాను. గురువారం మూడు గంటలకు నేనే కావాలని ఒక లావుపాటి పుస్తకం కింద పడేశాను. ఎవరూ తల ఎత్తలేదు.

8. కావున తమరు దయతో:
నా ఆరు అర్జీలనూ తిరిగి ఏదైనా పొట్టి కాలున్న బల్ల కింద పెట్టించవలసిందని;
రేడియో గదిని విద్యార్థులకు ఇప్పించి, పాత కుర్చీలను నా సొంత గదిలో వేయించవలసిందని, నేను వాటి మధ్య సర్దుకుంటాననీ;
ఎవరో ఒకరి మీద చర్య తప్పదంటే, విద్యార్థుల కాగితంలో మొదటి సంతకం గలవాడి మీదే తీసుకోవలసిందనీ ప్రార్థన.

ఈ ఏడో అర్జీని చిత్తగించవలెను. మిగిలిన ఆరింటినీ చిత్తగించకుండా ఉండవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (సోమవారం నాటి ఉత్తర్వు మినహా),
గ్రంథపాలకుడు

తా.క.: తమ ఉత్తర్వులో "రేడియో గది ముందు తలుపుకు తాళం వేయవలెను" అని మాత్రమే ఉంది. వేసిన తాళం వేసినట్టే భద్రంగా ఉంది. తమరు ఎప్పుడైనా తనిఖీ చేసుకోవచ్చు. అయితే చరిత్ర పుస్తకాల బీరువా వెనక ఆ గదిలోకి ఇంకో తలుపు ఉంది. దాని ప్రస్తావన ఉత్తర్వులో లేదు. ఈ శుక్రవారం ఉదయం బీరువాను నేనొక్కణ్నే జరపబోయి నడుం పట్టేస్తే, చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి దరువు లేచి వచ్చాడు. తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. తలుపు తెరుచుకుంది. అందరూ లోపలికి వెళ్లి సామాను సర్దుతుంటే, నేను ఏం చేయాలో తెలియక మధ్యలో నిలబడ్డాను. అలారం చేతిలో మైకుతో నా ముందుకు వచ్చి ఆగింది.

"సార్, కాస్త పక్కకి జరగండి. వైరు తొక్కుతున్నారు" అంది.

మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాట అది.

జరిగాను.