గుండీలు కుట్టని చొక్కా

అమ్మకు,

నీ చిన్నోడు నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. పురుడైన నీ కోడలు అప్పుడే కుట్టుమిషన్ ఎక్కిందా అని అడిగావు. లేదు, నేనే ఎక్కనివ్వడం లేదు. బిడ్డ మాత్రం అచ్చం నాన్న పోలికే. ఆకలేస్తే వీధంతా వినపడేలా గోల పెడుతుంది.

"ప్రతి ఉత్తరంలోనూ బిడ్డ, బిడ్డ అంటావు. మనవడో మనవరాలో చెప్పి చావరా!" అని తిట్టావు కదా. చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

మొన్న మా టైలరు షాపులో మిగిలిన మెత్తటి గుడ్డతో బిడ్డకి చొక్కా కత్తిరించాను. మా పనిలో మగవాళ్ల చొక్కాకి గుండీలు కుడిపక్క, ఆడవాళ్లకి ఎడమపక్క. సుద్దముక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మా షాపు మేస్త్రి చూసి, "ఏవయ్యా, సొంత బిడ్డ చొక్కాకి ఇంత ఆలోచనా? మగపిల్లాడా, ఆడపిల్లా?" అన్నాడు. కంగారులో "మగపిల్లాడే" అనేశాను. ఇంటికొచ్చి చూద్దును కదా, నీ కోడలు ఇంటి ఓనరమ్మతో ఆడపిల్ల అని చెప్పి కూర్చుంది! ఓనరమ్మ, మేస్త్రి సొంత అక్కాతమ్ముళ్లు. ఇంకేముంది, వీధంతా ఒకటే గుసగుసలు. కిటికీ తెరవాలన్నా భయంగా ఉంది.

అమ్మా, మన బిడ్డ ఇంటర్‌సెక్స్ లక్షణాలతో పుట్టింది. ఆడ అనో మగ అనో ఒక్క చూపులో తేల్చలేని శరీరం. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది: "ఇది ఎవరి పాపమూ కాదు. జబ్బనీ, లోపమనీ అనకండి. బిడ్డ ఆరోగ్యంగా ఉంది, ఆపరేషన్‌కి తొందరేం లేదు. పెద్దయ్యాక తన సంగతి తనే చెబుతుంది. అంతవరకూ ఎవరైనా అడిగితే ఇంటర్‌సెక్స్ బిడ్డ అనండి. లేదా, మా బిడ్డ అనండి, చాలు."

ఇన్నాళ్లూ నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వే. మన పక్కింట్లో ఇస్త్రీ చేసే ఆయన్ని చూసి "అటూ ఇటూ కానోడు" అని నవ్వేదానివి. ఆయన తలొంచుకుని బట్టలు మడతపెట్టుకునేవాడు. ఆ మాట నా బిడ్డ చెవిన పడుతుందేమోనని, అదీ నీ నోటివెంటే వస్తుందేమోనని, నాకు ఒకటే భయం. వీధిలోవాళ్లతో ఎలాగోలా పోట్లాడతాను. నీకు ఎదురుచెప్పి ఎరుగుదునా?

శుక్రవారం బిడ్డని చూడ్డానికి నువ్వు వచ్చేసరికి ఆ అక్కాతమ్ముళ్లు వాకిట్లోనే కాచుకుని ఉంటారు. మేం ఏం చెప్పినా ఇక నమ్మరు. నాయనమ్మ ఏ మాటంటే, వీధికి ఇక అదే మాట. బిడ్డని భుజాన వేసుకుని తలుపు వెనక నిలబడి వింటాను. నీ నోట ఆ పాత మాట వస్తే గడియ తియ్యనమ్మా. కోప్పడకు, తియ్యలేను.

చొక్కాకి గుండీలు మానేసి, మధ్యలో రెండు నాడాలు కుట్టాను. అవి నీ చేత్తోనే కట్టించాలని ఇంకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇట్లు,
తలుపు వెనక నిలబడే
నీ చిన్నోడు