మంట లేని పేజీలు

మంగళవారం, బాపట్ల

సుధాకర్ బయాప్సీ రిపోర్టు కోసం ఈ రోజు తెనాలి వెళ్ళాము. నా కొడుక్కి యాభై రెండేళ్ళు వచ్చినా ఆసుపత్రికి నేనే వెంట వెళ్ళాలి. వాడికి ఛాతీలో మంట ఏ రోజు వచ్చిందో తేదీలతో రాసిన నా నోటు పుస్తకం డాక్టరు గారి ముందు పెట్టాను. మొదటి ఎనిమిదేళ్ళూ నిండుగా ఉన్నాయి. రోజూ పరగడుపున వాము నీళ్ళు తాగించడం మొదలుపెట్టాక రాత తగ్గి, చివరి రెండేళ్ళూ ఖాళీ. ఆ ఖాళీ చూపించి కాస్త గర్వంగానే కూర్చున్నాను.

"మామ్మగారూ, మంట తగ్గింది రోగం తగ్గి కాదండి," అన్నారాయన. "యాసిడ్ తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోయింది. అలా మారాక కొందరికి మంట తెలియదు. ఇంకా క్యాన్సర్ కాదు గానీ, అటు తిరిగింది. ముద్ద దిగడం కష్టమయ్యేదాకా ఆగలేదు, నయం. మంట ఉన్న రోజుల్లోనే ఒక్కసారి ఎండోస్కోపీ చేయించి ఉంటే ముందే పట్టుకునేవాళ్ళం."

చూపించుకుంటానని వాడు రెండుసార్లు అడిగాడు. మంటే లేనప్పుడు ఎందుకురా అన్నది నేనే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నా నోటు పుస్తకం తన ఒళ్ళో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికి రాగానే రేపల్లెలో ఉన్న చెల్లెలు మార్తకు ఫోన్ చేశాను. దానికీ వాము నీళ్ళు చెప్పింది నేనే.

"మంటా? ఆర్నెల్లయింది అక్కా, జాడే లేదు. మా వీధిలో అందరికీ నీ వైద్యమే చెబుతున్నా."

"అన్నం దిగుతోందా?"

"దిగక ఏంటి? ముద్దకో గుక్క నీళ్ళు తాగుతున్నా, అంతే."

రేపు మొదటి బస్సుకి తెనాలి రమ్మన్నాను.

"ఏంటక్కా, మళ్ళీ పంతులమ్మ గొంతు పెట్టావ్?" అని నవ్వింది.